గది దాటిన గొంతు

తిరుచానూరు,
13-02-2026

జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారి గారికి,
తిరుపతి.

అయ్యా,

విషయం: తిరుపతిలోని 'ఊరట' మానసిక వైద్య కేంద్రమువారు, నా చెల్లెలు రంగప్రియ డాక్టరు ఎదుట ఏకాంతముగా చెప్పుకొన్న మాటలను రికార్డు చేసి నిండు సభలో వినిపించుట – విచారణ కోరుట గురించి.

తిరుచానూరు వాస్తవ్యురాలు పెరుందేవి, వయస్సు 56, వ్రాసుకొను విన్నపము.

1. ఈ నెల 4వ తేది బుధవారం మా ఇంట్లో అన్ని దినాల మాదిరే తెల్లవారింది. వాకిలి చిమ్మి ముగ్గు వేసినాను. తులసికి నీళ్లు పోసినాను. రంగప్రియ వంటింటి గడప మీద కూర్చొని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తా ఉండింది. ఆమెకు 45 ఏండ్లు. బడిలో సంస్కృతం చెప్పేది. రెండేండ్లుగా దిగులు జబ్బుతో సెలవులో ఉన్నది. "అక్కా, ఈ పూట పులుసులో బెల్లం తగ్గించు. నిన్న అది పులుసో పాయసమో తెలీలేదు" అన్నది. ఆమె ఎగతాళి చేసి ఏడాది దాటినందున ఈ మాటను ఇచ్చట నమోదు చేయడమైనది.

2. అప్పుడు మునికుమార్ వచ్చినాడు. మైకుసెట్టు అద్దెకిచ్చే మనిషి. ధనుర్మాసం ముప్పై దినాలూ మా వీధి భజన మందిరంలో చెల్లెలు తిరుప్పావై పాశురాలు చదివేది అతని మైకులోనే. ఇరవై ఏండ్లు చదివింది. ఈ రెండేండ్లే మానింది.

"పెద్దక్కా, నిన్న తిరుపతిలో ఒక మీటింగుకు మైకు కట్టినా. డాక్టర్లు, కంపెనీవోళ్లు, రెండు నూర్ల మంది. ఏందో పెట్టె సూపించినారు. దాంట్లో చిన్నక్క మాట్లాడింది."

"పేరు చెప్పినారా?"

"పేరూ లేదు, ఊరూ లేదు. ఏడో నంబరు పేషెంటు అన్నారు. ముందు పాశురం వచ్చింది. నా మైకులో చదివిన గొంతు నాకు తెలీదా అక్కా? నర్సుపని చేసే మన వీధి చంద్రకాంతమ్మ కూడా ఆడనే ఉండాది, తల దించేసుకొనింది. పాశురం సగంలో ఆపి చిన్నక్క ఏడస్తా ఏందో చెప్పబట్టింది. వైరు పీకేసినా. కరెంటు పోయిందని చెప్పినా."

రంగప్రియ చేతిలోని చిక్కుడుకాయ చేటలో వేసి లోపలికి పోయింది. ఆనాటినుండి ఒక్క మాట లేదు. వైద్యానికి పోవుట లేదు. మాత్రలు మింగుట లేదు. మాత్రలు ఆపితే ప్రాణానికే ముప్పని ఆ కేంద్రంలో ఆమెకు వైద్యం చేసే డాక్టరు గ్రేసీ గారు ముందే హెచ్చరించి యున్నారు.

3. డాక్టరు గదిలోని మాటలు రికార్డు చేసే సదరు పెట్టె కాఫీ డబ్బా అంత ఉండును. కేంద్రంలోని ఇంజనీరు హృషీకేశ్ తయారుచేసినాడు. డాక్టరు చెప్పిన మాట రోగికి ఇంటికి వచ్చేసరికి గుర్తుండదు, మళ్లీ వింటే మేలు అని అతని ఉద్దేశం. మంచి ఉద్దేశమే. ఇప్పటికీ కాదనను. చేయకముందు మా ఇంటికి వచ్చి, చాప మీద కూర్చొని, దద్దోజనం తిని, "ఎట్లుంటే మీకు భయముండదమ్మా?" అని అడిగినాడు. రికార్డు అయ్యేటప్పుడు ఎర్ర దీపం వెలగాల, రోగి చేతికందేట్టు ఆపే మీట ఉండాల అన్నాను. రెండూ పెట్టినాడు. అందుకే నమ్మినాను. "గది దాటితే మీ ఫోనుకే అమ్మా, ఇంక యాడికీ పోదు" అన్నాడు. చెల్లెలిది మీటల ఫోను అయినందున రికార్డులు నా ఫోనుకు వచ్చేవి. ఆమె చెవిలో పెట్టుకొని వినేది. మా ఇంట్లో మరెవ్వరమూ వినలేదు. ఇందుకు ఒప్పుకొన్నట్టు వ్రాసిన ఇంగ్లీషు కాగితం మీద ఆరు చోట్ల సంతకం నాదే.

4. నేను కేంద్రానికి పోయి హృషీకేశ్‌ను అడిగినాను.

"పేరు తీసేసినాం కదమ్మా. మీ సంతకం కూడా ఉంది" అన్నాడు.

"గొంతు తీయలేదు గదా నాయనా" అన్నాను. సభ సంగతి గ్రేసీ గారికే తెలియదు. ఆమె నా చేతులు పట్టుకొని ఏడ్చింది.

దీపం వెలిగింది. మీట పనిచేసింది. నమ్మకం ఉన్నందున చెల్లెలు దాన్ని ఒక్కసారీ నొక్కలేదు. మా ఇంట దద్దోజనం తిన్న చేత్తోనే ఆ పిల్లవాడు సభలో ఆమె గొంతు మోగించినాడు.

5. కావున, నా చెల్లెలి రికార్డులు ఎవరెవరి వద్దకు పోయినవో వ్రాతమూలకంగా తెలిపించి, అన్ని చోట్లా చెరిపించవలెను. రోగి ఒప్పుకోనిదే ఎవరూ తెరవలేనట్టు పెట్టెను మార్పించవలెను. కాగితం తెలుగులో ఉండవలెను, సంతకం రోగిదే కావలెను. పెట్టె లేని గదిలో గ్రేసీ గారు నా చెల్లెలిని చూచునట్లు ఉత్తర్వులు కావలెను.

ఆ తల్లి పద్మావతి ఎదుట మొరపెట్టుకొన్నట్టే తమ ఎదుటా పెట్టుకొన్నాను. జాగు చేయక చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పెరుందేవి

తా.క.: ఈ సాయంత్రం తమ్ముడు మాధవ్ రేణిగుంట నుండి వచ్చినాడు. కేంద్రం మూయించాల్సిందే అన్నాడు. ఇద్దరి ఎదుటా ఈ అర్జీ చదివినాను. 3వ అంశంలో "మరెవ్వరమూ వినలేదు" అన్నచోట చదువుట ఆపి కాగితం దించినాను.

అది అబద్ధము. కార్తీకంలో ఒక దినం చెల్లెలు స్నానానికి పోయినప్పుడు నా ఫోనులోని రికార్డు విన్నాను. పాశురం ఆపి ఆమె చెప్పినది ఇది: "అక్క నా కోసం పెండ్లి మానుకొనింది. ఇప్పుడు నా కోసం మొక్కతా ఉండాది. ఆమె మొక్కేకొద్దీ నాకు బతుకు బరువైపోతా ఉండాది." విని, ఏమీ ఎరగనట్టు ఆమెకు అన్నం వడ్డించినాను. ఇదంతా చెప్పేసినాను.

తొమ్మిది దినాలకు రంగప్రియ నోరు విప్పింది. "తెలుసక్కా. కార్తీకం నుంచి దండం పెట్టేటప్పుడు నా పేరు పైకి అనడం మానేసినావు."

"మరి అడగలేదేమే?"

"నువ్వే చెప్తావేమోనని చూసినా."

ఇంట్లో తీర్మానమైనది: కేంద్రం మూయించరాదు, గ్రేసీ గారి కోసం వచ్చేవాళ్లు ఇంకా ఉన్నారు. నా ఫోనులోనివి రంగప్రియ తన చేత్తోనే తీసేసింది. మాత్ర వేసుకొనింది. సోమవారం గ్రేసీ గారి వద్దకు ఆటోలో ఒక్కతే పోవును. నేను బయట బెంచీ మీద కూడా కూర్చోరాదు. 3వ అంశం కొట్టివేయరాదు, అట్లే పంపాల. హృషీకేశ్‌ను విచారణకు పిలిచిన దినం, ఆమెను అడగక విన్నందుకు నన్నూ పిలవాల.

పిలిస్తే వస్తాను.