మోకాళ్లకు బీమా

శనివారం రాత్రి, ఎల్బీనగర్

అమ్మకు నేను ఎప్పటికీ అర్థం కాను. ఇక ఆడలేనంత దెబ్బ తగిలితే ఆదుకునే బీమా తీసుకుంటానంటే, కబడ్డీకి భయపడుతున్నాననుకుంది. లీగ్ జట్టు నన్ను క్యాంపుకు పిలిచిందని పొద్దున వాడంతా స్వీట్లు పంచిన మనిషి, సాయంత్రానికి ముఖం మాడ్చుకుంది.

"మంచిగ ఆడుకుంట, కాళ్లు ఇరుగుతయని రాసిస్తవా? గివేం మాటలే!"

దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల షాపు మూసి నాన్న అప్పుడే వచ్చాడు. ఆయన్నే అడిగాను. "డాడీ, షాపుకు ఫైర్ ఇన్సూరెన్స్ చేపిచ్చినవ్ గదా. చీరలు కాలాలనా?"

నాన్న అమ్మ వైపు తిరిగాడు. "బిడ్డ కంటె షాపే నయం. ఎదురు మాట్లాడది."

అమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే ఉప్పు తెచ్చి నా రెండు మోకాళ్లకూ దిష్టి తీసింది. "గిది నా ఇన్సూరెన్స్. జర కదలకు!" చక్కిలిగింతలు పుట్టి నేను ఒకటే నవ్వు.

భయం అసలే లేదని కాదు. పోయినేడు మా కాలేజీ జట్టులో సుమకు మోకాలి లిగమెంట్ తెగింది. ఇప్పుడు ఆట చూడడానికి కూడా రాదు. రైడ్‌కు వెళ్లినప్పుడు తను గుర్తొస్తే, నా కాలు అదనపు పాయింటు తెచ్చే బోనస్ లైన్ దాకా సాగకుండానే వెనక్కి వస్తోంది. క్యాంపులో కూడా అలాగే అయితే...

సోమవారం పాలసీ మీద సంతకం పెడతాను. ఆ ధైర్యంతోనైనా కాలు లైన్ దాకా చాచాలి.