ఊ కొట్టని పొద్దు

తమ్మీ,

నువ్వు పోయి గియ్యాల్టికి ఏడాది. నీ ఫోటోకు దండేసి కూసున్నమో లేదో, మోపెడ్ మీద మన సారు వచ్చిండు. మన ఒగ్గుకథ ప్రోగ్రాంలు, బ్యాంకు పాసుబుక్కు, మన పైసలతోని కొన్న ఇంద్రేశం ప్లాటు అన్నీ సూసుకున్న సారే.

నీ మీద నాకింకా కోపం పోలే. గప్పుడు ప్లాటు కాగితం ఆయన సదువుతుంటే నువ్వు లైను లైనుకు "ఆఁ, ఔ మల్ల" అని ఊ కొట్టినవ్. ముప్పై ఏండ్లు నా కథకు ఊ కొట్టిన నోరాయె, ఆగుతదా? నువ్వు ఊ కొడితే అంతా సరిగ్గనే ఉన్నదనుకొని నేను ఏలిముద్ర ఏసిన. ప్లాటు ఆయన పెండ్లాం పేరు మీద ఉన్నదని మొన్ననే తెలిసింది. మాకు తెలిసిన సంగతి ఆయనకు తెల్వదు.

గియ్యాల ఇంకో కాగితం తెచ్చిండు. నీ పెండ్లాం ఎల్లవ్వకు పింఛన్ వస్తదట, ముద్రెయ్యాల్నట. సదువుడు షురూ జేసిండు. రెండు లైన్లకు ఆగి నా దిక్కు సూసిండు. ఇంకో లైను సదివి ఎల్లవ్వ దిక్కు సూసిండు. ఎవ్వలం ఊ కొట్టలే. ఆయన నీళ్లడిగిండు. ఎల్లవ్వ ఇచ్చింది. తాగి, కాగితం మడిచి జేబుల పెట్టుకొని ఎల్లిపోయిండు.

ఊరూరు తిరిగి కథ జెప్పినోళ్లం తమ్మీ. నోరు మూసుకునుడు గంత సిన్న పని, మనకు గప్పుడు రాకపాయె.