ముప్పయ్యో రోజు నడక

బుక్కరాయసముద్రం,
ఆగస్టు 6

మా కృపక్కకు, నీ చెల్లెలు ప్రేమతో రాస్తున్నది.

ఫోన్లో నీకు సరిగ్గా వినపడదు. ఇది గట్టిగా అరిచి చెప్పే సంగతీ కాదు. హాస్టల్ పనులయ్యాక తీరిగ్గా చదువు.

కృత్రిమ కాళ్లు చేసే పనిలో చేరి నాకు నాలుగేళ్లయింది కదా. మా వృత్తివాళ్లంతా లింక్డిన్‌లో ఉంటారని నేనూ చేరాను. కొత్త కాలు తొడుక్కుని ఎవరైనా మొదటి అడుగు వేయగానే వీడియో పెట్టేదాన్ని. గార్లదిన్నె దగ్గరి రైతు కుళ్ళాయప్ప నడిచిన వీడియోను వేలమంది చూశారు. బళ్ళారిలో ముప్పయ్యేళ్లుగా ఇదే పని చేస్తున్న గంగాధరప్ప సారు ప్రతి వీడియో కిందా బాగుందని రాసేవారు. ఆ చనువుతో, హైదరాబాదు ఉద్యోగం కోసం నా పని గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని అడిగాను.

ఆయన ఫోన్ చేసి ఒకటే అన్నారు. "నేను చూసింది నీ వీడియోలమ్మా, నీ పని కాదు. ఆ మనిషి ముప్పయ్యో రోజు ఎట్ల నడుస్తాండాడో తెలీకుండా నేనేమని రాయల్ల?"

అక్కా, ఎవరికీ చెప్పనిది నీకు చెబుతున్నాను. కుళ్ళాయప్ప పన్నెండో రోజుకే తిరిగొచ్చాడు. మోకాలి కింద మిగిలిన కాలి కొసన, ఎముక దగ్గర పుండు పడింది. ఆ కొస దిగి కూర్చునే కృత్రిమ కాలి గిన్నెను లోపల కాస్త అరగదీసి పంపాను. మళ్లీ వచ్చాడు. మూడోసారి నేను చేసిన కాలును సంచిలో వేసుకుని, చంక కర్రల మీద వచ్చాడు. వీడియో కింద అభినందనలు మాత్రం వస్తూనే ఉన్నాయి. నేను అందరికీ దండాలు పెడుతూనే ఉన్నాను. సారు అన్నది నిజం కాబట్టే అంత మండింది. ఆ ఖాతా మూసేసి, ఈ పనే మానేయాలని ఉంది. మీ హాస్టల్లో ఏదైనా పని ఉంటే చూడు.

నీ ఆశ్రిత

బుక్కరాయసముద్రం,
నవంబరు 2

కృపక్కా,

హాస్టల్లో పని ఉందని రాశావు. "ముందు ఆ పుండు సంగతి ఆ సారుకు చెప్పినావా?" అని కూడా అడిగావు. రెండు రోజులు నీ మీద కోపంగా తిరిగి, మూడో రోజు ఫోటోలన్నీ ఆయనకు పంపాను.

తిడతారనుకున్నాను. ఆయన ప్రశ్నలు వేశారు. కొలత ఏ పూట తీశావు, అతను సాయంత్రం నడవడం చూశావా అని. నేను చూడలేదు. పుండు మానేదాకా కాలు తొడగనివ్వకుండా ఆగి, తర్వాత ఆ కాలే తొడిగించి, ఒక శనివారం అతని చేనికి వెళ్లి గట్టు మీద కూర్చున్నాను. పొద్దున కుళ్ళాయప్ప చక్కగా కలుపు తీశాడు. మూడు దాటాక ఒరగడం మొదలైంది.

"ఈ యాళకి వదులైపోతాదమ్మా," అన్నాడు. "మీ కాడికి నేను ఎప్పుడూ పొద్దున్నే వస్తాంటి. మీరు చూడల్యా, నేను చెప్పల్యా."

గట్టు మీదనుంచే సారుకు వీడియో కాల్ చేశాను. ఎండలో పని చేసేసరికి మిగిలిన కాలు కాస్త సన్నబడి, గిన్నెలోకి మరీ దిగిపోయి ఎముక అడుగుకు తగులుతోందని అప్పుడు తెలిసింది. కొత్తగా అచ్చు తీసి వేరే గిన్నె చేశాను. మధ్యాహ్నం ఆ వదులు పూడేలా మిగిలిన కాలికి ఇంకొక మేజోడు ఎక్కువ వేసుకోవడం నేర్పాను. ప్రతి మెట్టూ సారుకు చూపించాను. ఇప్పటికి నలభై రోజులు. కుళ్ళాయప్ప శెనక్కాయ చెట్లు పీకుతున్నాడు, పుండు లేదు.

ఆ పాత వీడియో కిందే జరిగినదంతా రాశాను. మెచ్చుకున్నవాళ్లు తక్కువే. కానీ పదకొండు మంది తమ చేతిలో చెడిపోయిన పని గురించి రాశారు. వాళ్లలో ఇద్దరితో ఇప్పుడు వారానికోసారి మాట్లాడుతున్నాను. హైదరాబాదు ఉద్యోగం గడువు దాటిపోయింది. బాధ లేదక్కా. హాస్టల్ పని ఇంకెవరికైనా ఇప్పించు.

నిన్న సారు కొన్ని ఫోటోలు పంపారు. సండూరులో ఒకామెకు ఆయనే చేసిన కాలు. రెండు నెలలుగా పుండు మానడం లేదట. కింద ఇలా రాశారు: "నాకు అంతు చిక్కల్యా. నువ్వు చూసి చెప్పమ్మా."

చాలాసేపు ఆ ఫోటోలే చూశాను. తర్వాత, ఆమె రోజంతా ఏం పని చేస్తుందని అడిగాను. ఆదివారం నేనూ సారూ కలిసి ఆమె దగ్గరికి వెళ్తున్నాం.

నీ ఆశ్రిత