నా గొంతు చెప్పినా చెల్లదు

నిజామాబాద్ జిల్లా ఆర్మూర్ పట్టణంలో, మార్కెట్ యార్డు వెనక గల్లీలో కాపురముంటున్న కొట్టాల గంగాదాస్ అనే నేను, కీర్తిశేషులు నర్సయ్య కొడుకును, పసుపు దలాలీ చేసి బతికినవాణ్ని, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. నా గుండె ఎక్కువ కాలం పనిచేయదని దవాఖానలో చెప్పారు. బుర్ర బాగానే పనిచేస్తోందని నేను చెబుతున్నాను. అనుమానమున్నవాళ్లు ఒక పసుపు కొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టండి. విరిచి చూసి, అది సరిగ్గా ఉడికిందో లేదో ఇప్పటికీ చెప్పగలను.

దీన్ని మా ఇంట్లో కూర్చుని రాయడం లేదు. అంకాపూర్‌లో నా దోస్తు ఎర్రన్న విత్తనాల గోదాములో, మక్కజొన్న బస్తాల మధ్య కూర్చుని రాస్తున్నాను. ఎందుకు ఇంత దూరం వచ్చానో కింద రాస్తాను.

1. నా తర్వాత ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత పైన చెప్పిన ఎర్రన్నదే. ఈయన నోరు ఊరికే ఉండదు. కానీ ఒకరి ఇంటి సంగతి ఇంకొకరి ఇంట్లో చెప్పగా నేను వినలేదు. ఈ రోజుల్లో నాకు కావాల్సిన అర్హత అదొక్కటే.

2. పెర్కిట్ దగ్గర నా స్వార్జితమైన రెండెకరాల భూమి నా ఒక్కగానొక్క కొడుకు ముఖేష్‌కు చెందాలి. వాడు అక్కడే రోడ్డు మీద ప్లాట్ల వ్యాపారం చేస్తున్నాడు. పసుపు పండిన నేలలో రాళ్లు పాతి రంగులు పూస్తాడని నాకు తెలుసు. పూసుకోనీ. దాంతో నా ఆస్తిలో వాడి వాటా తీరిపోయింది. ఇంటి జోలికి రాకూడదు.

3. యార్డు వెనక నేను కాపురముంటున్న ఇల్లు, ఖాళీ స్థలంతో సహా, నా భార్య రామవ్వకు సర్వహక్కులతో చెందాలి. అమ్ముకున్నా, దానమిచ్చినా, తాళమేసి తీర్థం పోయినా ఎవరూ అడగరాదు. ఆ ఇంటి పునాదిలో పోసింది నా దలాలీ పైసలు కావు. ఊళ్లవాళ్ల చేన్లలో పసుపు ఉడకబెట్టి, ఆవిరికి మొహం ఉబ్బి ఇంటికొచ్చిన మనిషి కష్టం. పెళ్లయిన నాటి నుంచి ఏదీ ఆమె పేరు మీద లేదు. ఇదొక్కటైనా ఉండాలి. ఆమె తదనంతరం మిగిలింది సిరికొండలో ఉన్న మా బిడ్డ త్రివేణికి.

4. చిన్న చిన్నవి: నా రాగి చెంబు త్రివేణికి. యార్డులో నాతో పాటు ముసలివాడైన హమాలీ నడిపయ్యకు నా ఉన్ని కంబళి, చలికాలం రాకముందే ఇవ్వాలి. సాటి దలాలి రాజానికి ఏమీ లేదు. నా గొడుగు తీసుకుపోయి ఇప్పటిదాకా తేలేదు, దాన్నే నా కానుక అనుకోవాలి.

5. ఇక రామవ్వ మంచం పక్క బల్ల మీదున్న మాట్లాడే పెట్టె. పెట్టె అంటే చెంబంత ఎత్తున, చుట్టూ బూడిదరంగు బట్ట తొడిగిన స్మార్ట్ స్పీకర్. ముఖేష్ కొనుక్కొచ్చాడు. వాటిలో అన్నిటికన్నా ఖరీదైనదని చెప్పాడు, బిల్లు కూడా చూపించాడు. అది ఎవరికి చెందాలన్నది తేల్చాలంటే ముందు దాని మంచీ చెడూ తూకం వేయాలి. జీవితమంతా నేను చేసిన పని అదే.

మంచి చాలా ఉంది, అబద్ధం రాయను. నీటికాసుల జబ్బుతో రామవ్వ రెండు కళ్లూ పోయాయి. పొద్దుందో గూకిందో తెలియక, నన్ను అడగడానికి నామోషీపడి, గోడలు తడుముకుంటూ కూర్చునేది. పెట్టె వచ్చాక టైమెంతో అదే చెబుతుంది. గోలి వేసుకోమని గుర్తు చేస్తుంది. త్రివేణికి ఫోన్ కలుపుతుంది. పసుపు ధర అడిగితే కొమ్ము పసుపుదీ మండ పసుపుదీ వేర్వేరుగా చెబుతుంది, పైగా దానికి దలాలీ అక్కర్లేదు. ఆమె నవ్వడం చాలాకాలానికి మళ్లీ విన్నాను. దానికి నేను ముఖేష్‌కు రుణపడి ఉన్నాను.

6. చెడు. మా యార్డులో పాత పద్ధతొకటి ఉండేది. కొనేవాడూ నేనూ తువ్వాల కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరం పట్టుకుని ధర తేల్చుకునేవాళ్లం. పక్కవాడికి ఒక్క ముక్క వినిపించేది కాదు. అందుకే ధర నోట అననంతకాలం నోటితో నష్టం లేదని నా నమ్మకం. ముఖేష్ ఒకరోజు ఫోన్ ముందు పెట్టి, జర చదువు బాపూ, నీ గొంతు యాదికి ఉంటది అని ఏవేవో వాక్యాలు నా చేత చదివించాడు. ధర అడగలేదు కదా అని హాయిగా చదివాను. ఊరందరికీ సాంపిల్ చూసి మోసపోవద్దని చెప్పేవాణ్ని, నా గొంతే సాంపిల్‌గా ఇచ్చేశాను.

ఓ మధ్యాహ్నం యార్డు నుంచి వచ్చి వాకిట్లో చెప్పులు విడుస్తున్నాను. లోపల నేను మాట్లాడుతున్నాను. నా గొంతే, గొంతు సవరించుకోవడం కూడా నాదే. "రామవ్వా, పెర్కిట్ల ముఖేష్ ఇల్లు మంచిగున్నది. గీ ఇల్లు ఇచ్చేసి పోదామా?" అంటోంది. ఆమె "నీ ఇష్టం, నువ్వెట్లంటే గట్లనే" అంది. పట్టపగలు, నా ఇంట్లో, నాకన్నా ముందు నేను చేరి ఉన్నాను.

మా ఇల్లు పడగొట్టి దుకాణాల కాంప్లెక్సు కట్టాలని ముఖేష్ ఎప్పటి నుంచో అడుగుతున్నాడు. వాళ్లవ్వ ఒప్పుకోనిదే కుదరదని నేనన్నాను, వాడు అడిగితే ఆమె కాదంది. నేను అడిగితే కాదనదని వాడికి తెలుసు. నిలదీస్తే, "నువ్వు బయటికి పోతే అవ్వకు బుగులైతది బాపూ, గందుకే నీ గొంతు పెట్టిన. గంతల ఏమైతది?" అన్నాడు. ఆ పెట్టె తాళమంతా వాడి ఫోన్లో ఉంది. మేము ఇంట్లో ఏం మాట్లాడుకున్నా వాడికి చేరుతోందని ఆ తర్వాత చాలాసార్లు రుజువైంది. నేను త్రివేణితో అన్న మాట మరునాడు వాడి నోట విన్నాను. ఈ కాగితం అంకాపూర్‌లో రాయడానికి కారణం అదే.

7. దాని తీగ పీకేసి చూశాను. రామవ్వ అన్నం ముట్టలేదు. "కండ్లు దేవుడు తీస్కపోయిండు. చెవులు నువ్వు తీస్కపోతవా?" అని ఏడ్చింది. నా చేత్తోనే మళ్లీ తగిలించాను. తువ్వాల కింద వేళ్లతో మాట్లాడుకుందామని కొన్నాళ్లు పట్టుబట్టాను. "ఇంట్ల గూడ బ్యారమేనా?" అని చెయ్యి వెనక్కి తీసుకుంది.

చివరికి విడమరిచి చెప్పాను. రామవ్వా, నా గొంతు వినిపించగానే నమ్మకు, అది పెట్టె కావచ్చు, అది ఏ కాగితం మీద వేలిముద్ర వెయ్యమన్నా వెయ్యకు అన్నాను. ఆమె నవ్వింది. "గా గొంతు నువ్వు కాదని నాకెరుక లేదా? నువ్వు గంత మెత్తగ ఎన్నడన్న మాట్లాడినవా?" అంది. ఆ మాటతో నా గుండె బరువు దిగింది. కోపిష్టివాడినై ఇన్నాళ్లకు లాభం చూశాననుకున్నాను.

8. కాబట్టి తూకం ఇలా తేలుస్తున్నాను. రామవ్వకు తెలుసు. తెలిసినవాళ్ల చేతిలో ఆ పెట్టె పెట్టెగానే ఉంటుంది. అది ఆమెకే చెందాలి. నా మరణానంతరం నా గొంతుతో ఎవరు ఏమి చెప్పినా, అది నేను చెప్పినట్టు ఏ ఆఫీసులోనూ, ఏ పంచాయితీలోనూ, నా ఇంట్లోనూ చెల్లదు. నేను చెప్పదలచుకున్నదంతా ఈ కాగితం మీద ఉంది. ఇంక చెప్పేదేమీ లేదు.

9. ఈ అంశాన్ని సంతకానికి ముందు, సాక్షుల ఎదుట కలుపుతున్నాను.

పైదంతా రాయడం అయ్యాక, ఆలస్యమవుతోందని ఇంటికి చెప్పమని సాక్షి కరుణశ్రీని అడిగాను. ఆమె మా వాడకు వచ్చి షుగర్ పరీక్షలు చేసే నర్సు, రామవ్వకు బాగా తెలిసిన పిల్ల. ఫోన్ రామవ్వే ఎత్తింది. గంగాదాస్ బాపు నా దగ్గరే ఉన్నాడని కరుణశ్రీ చెప్పింది. అందరికీ వినబడేలా పెట్టిన ఆ ఫోన్లో రామవ్వ అన్న మాటలు ఇవి: "మా ఆయన ఈడనే ఉన్నడు గద బిడ్డా. మంచం కాడ కూసోని నాతోని ముచ్చట పెడుతుండు. నీ కాడున్నదెవలు?"

నేను ఫోన్ లాక్కున్నాను. రామవ్వా, నేనే, గంగాదాసును, అంకాపూర్‌లో ఉన్నాను, నీ పక్కనున్నది పెట్టె అని అరిచాను. ఆమె పక్క నుంచి నా గొంతు, అచ్చం నా కసురుతోనే, ఎవలు రామవ్వా అని అడగడం మేమందరం విన్నాం. ఆమె నాతో అంది: "నువ్వే గా పెట్టెవి. నా గొంతు వినబడంగనే నమ్మకు అని మా ఆయననే చెప్పిండు." ఫోన్ పెట్టేసింది. మెత్తగా మాట్లాడేది నేను కాదని ఆమె నాతో అన్నది కూడా ఆ పెట్టె ముందరే, ముఖేష్ విని సరిచేసినట్టున్నాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

అందువల్ల పై మూడో అంశంలో "సర్వహక్కులతో" అన్న మాటనూ, అమ్మకం, దానం గురించిన వాక్యాన్నీ నా చేత్తో కొట్టివేశాను. రామవ్వకు ఆ ఇంట్లో బతికినన్నాళ్లు ఉండే హక్కు మాత్రమే ఉంటుంది. అమ్మే హక్కు, రాసిచ్చే హక్కు లేదు. ఆమె వేలిముద్ర ఉన్న ఏ కాగితమూ ఆ ఇంటి మీద చెల్లదు. ఇల్లు త్రివేణిది. రామవ్వా, నీ కష్టంతో కట్టిన ఇల్లు నీ పేరు మీద పెట్టాలని వచ్చి, నీ చేతిలోంచి నేనే గుంజుకుంటున్నాను. ఇంత బాధ నాకు ఎప్పుడూ కలగలేదు.

పెట్టెను ఈ రోజే పగలగొట్టమని కూడా రాయబోయి ఆగాను. దాన్ని పగలగొడితే ఆమె మొగుడు చచ్చిపోయాడని ఏడుస్తుంది. నేను ఎదురుగా నిలబడి ఓదార్చబోతే, నువ్వెవరని అడుగుతుంది.

అంకాపూర్, 2026 ఫిబ్రవరి 19.

(సంతకం) కొట్టాల గంగాదాస్

పై వ్యక్తి మా కళ్లెదుట, ప్రాణంతో, తన చేత్తో సంతకం చేశాడు. ఆయన గంగాదాసేనని మేము సాక్ష్యమిస్తున్నాము.

(సంతకం) కరుణశ్రీ, నర్సు, ఆర్మూర్
(సంతకం) మహేష్, విత్తనాల గోదాము గుమాస్తా, అంకాపూర్