ఏడు స్కాన్ కవర్లు, ఒక టిఫిన్ క్యారేజీ

రాయపూర్ టాటీబంధ్‌లో కాపురముంటున్న, రైల్వే వ్యాగన్ షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన పొట్నూరు సత్తిరాజు అనే నేను, అరవై తొమ్మిదో ఏట, తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా నా చేతులారా రాసుకున్న వీలునామా. ఒంట్లో బాగులేదు గాని బుర్ర బాగానే ఉంది. సిగ్గు కూడా బాగానే ఉంది.

1. నా స్వార్జితమైన టాటీబంధ్ ఇల్లు నా భార్య దాలమ్మ జీవితాంతం అనుభవించవలెను. ఆమె తదనంతరం నా కుమారుడు యుగంధర్‌కు, కోడలు త్రివేణికి సమాన హక్కులతో చెందవలెను. త్రివేణి పేరు పొరపాటున పడలేదు, కావాలనే రాశాను.

2. నా పనిముట్ల పెట్టె షాపులో నాతో పనిచేసిన అప్పారావుకి. ఈ వీలునామా అమలు జరిపే బాధ్యతా అతనిదే. స్పానర్లు తుడిచి పెట్టుకోమనండి, అతనికి ఆ అలవాటు లేదు.

3. వెదురు నిచ్చెన పక్కింటి అచ్చయ్యకి. పదకొండేళ్లుగా వాళ్ల పెరట్లోనే ఉంది కనుక కొత్తగా అప్పగించేదేమీ లేదు. అడిగిన ప్రతిసారీ రేపు అన్నాడు. ఇక అడగను.

4. ఇనప బీరువా అడుగున, నా పాత యూనిఫారం కింద ఏడు పెద్ద కవర్లు ఉన్నాయి. అవి త్రివేణికి మాత్రమే చెందవలెను. ఎందుకో రాయక తప్పదు.

నాకు ప్రొస్టేట్ కేన్సరు. మగవాడికి మూత్రం వచ్చే దారి దగ్గర పుట్టే రోగం. ఎముకలకు పాకింది. మూడేళ్లుగా ఇంట్లో నడుం నొప్పి అని చెప్పాను. దాలమ్మ "ఏటి నొప్పో ఏటో, ఇన్నాళ్లయినా తగ్గదేటి?" అని విసుక్కుంటూనే రోజూ నూనె రాసింది. ఆమె కూడా నన్ను క్షమించాలి.

రోగం ఎందాకా వచ్చిందో చూడటానికి కొన్ని నెలలకోసారి ఎముకల స్కాన్ తీసేవారు. ముందు చేతికి ఒక ఇంజెక్షన్ ఇస్తారు. అందులో రేడియేషన్ మందు ఉంటుంది. స్కాన్ సెంటరులో ఉమేష్ ప్రతిసారీ "బాబా, ఆజ్ బచ్చోంసే దూర్ రహనా" అనేవాడు. అంటే చంటిపిల్లలకీ, కడుపుతో ఉన్నవాళ్లకీ ఆ ఒక్క రోజు దగ్గరగా మసలకూడదు.

మొదటి కవరు మీద తేదీ 12-3-2021. త్రివేణికి అప్పుడు ఐదో నెల. నయా రాయపూర్‌లో వాళ్లింటి నుంచి, బియ్యప్పిండితో ఆవిరి మీద ఉడికించే ఫరాలు వండి క్యారేజీలో తెచ్చింది. గడప దాటబోతుంటే అక్కడే పెట్టి వెళ్లమని అరిచాను. ఆమె ఇక్కడి ధర్సీవా ఊరి పిల్ల. మన కులం కాదని పెళ్లప్పుడు యుగంధర్‌తో రెండు నెలలు మాట్లాడని మనిషిని నేను. ఆమె ఏమనుకోవాలో అదే అనుకుంది. "అమ్మా, నేను ముట్టుకుంటే బాబూజీకి మైలా?" అని దాలమ్మను అడిగిందట.

నిజం చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు. కులం పట్టింపున్న ముసలాడు అనిపించుకోవడమే, ఫలానా చోట కేన్సరు అనిపించుకోవడం కన్నా గౌరవంగా తోచింది. ఇంతకన్నా సిగ్గుమాలిన పని నేను జన్మలో చేయలేదు.

నాలుగో కవరు 18-7-2022. మనవరాలు లహరి మొదటి పుట్టినరోజు. స్కానుకి ఆ తేదీ వదిలితే నెలన్నర దాకా ఖాళీ లేదన్నారు. సాయంత్రం పిల్ల కొత్తగా వచ్చిన అడుగులతో, చేతులు చాచి నా వైపు వచ్చింది. నేను గదిలోకి పోయి గడియ పెట్టుకున్నాను. పిల్ల చాలాసేపు తలుపు తట్టింది. మిగతా రోజుల్లో ఎత్తుకోవచ్చు గాని, త్రివేణి పిల్లను నా చేతికి ఇవ్వడం మానేసింది. అడిగే ముఖం నాకు లేకపోయింది.

త్రివేణీ, లోపలి ఫిల్ముల్లో నల్లమచ్చలు నువ్వు చూడక్కరలేదు. కవర్ల మీద తేదీలు చూడమ్మా. నిన్ను గడప దగ్గర ఆపిన రోజులు అవే.

5. ఆ టిఫిన్ క్యారేజీ కూడా త్రివేణిదే. ఫరాలు ఒక్కటీ మిగల్చకుండా తిన్నాను. గిన్నెలు నేనే తోమి దాచాను.

6. ఇదంతా నోటితో చెప్పలేక కాగితం మీద పెడుతున్నాను. ఇదీ పిరికితనమే. నేను పోయాక నా నోట్లో వేసే బియ్యం ముందుగా త్రివేణి చేత్తో వేయవలెను. కులంవాళ్లు ఎవరైనా అడ్డు చెబితే అప్పారావు ఈ వీలునామా గట్టిగా చదివి వినిపించవలెను. ఇక స్కాన్లు అక్కరలేదని డాక్టరుగారు చెప్పేశారు. కనుక ఆ రోజు నా ఒంట్లో ఏ మందూ ఉండదు. లహరిని దగ్గరికి రానివ్వండి.

రాయపూర్, 22-2-2024
(సంతకం) పొట్నూరు సత్తిరాజు

సాక్షులు:
1. ఉమేష్, స్కాన్ సెంటర్ టెక్నీషియన్
2. మురళీమోహన్, రిటైర్డ్ టీచరు