తొట్టి కింద వైరు

పెందుర్తి,
ఆదివారం

అర్జునరావు బావకి,

ఫోన్ చేస్తే నువ్వు తీయవేమోనని ఉత్తరం రాస్తున్నాను.

ఆ రోజు మా వాకిట్లో, తుప్పు గీకడానికి విప్పిన నా పికప్ తొట్టిని నలుగురం మోసి తిరిగి బండి మీదికి దించుతుంటే, “ఆగు, కింద లైట్ల వైరు నలిగిపోతంది సూడు” అన్నావు. “పడవలు తోసుకునేవోడివి, బండి సంగతి నీకేటి తెలుసు?” అని అందరి ముందూ అరిచాను. నువ్వు బోల్టులన్నీ బిగించి, అన్నం కూడా తినకుండా జాలరిపేట వెళ్ళిపోయావు.

పది రోజుల క్రితం సాయంత్రం రోడ్డు మీద బ్రేకు వేస్తే వెనక లైట్లు వెలగలేదు. స్కూటరు మీద వస్తున్న ఒకావిడ నా బండిని గుద్దుకుని పడిపోయింది. చెయ్యి విరిగింది. ఆసుపత్రికి తీసుకెళ్తే, “తప్పు నాదే బాబూ, నానే సూసుకోలేదు” అని ఏడ్చింది. లైట్ల మాట ఆవిడకి చెప్పకుండా వచ్చేశాను.

ఇంటికొచ్చి తొట్టి విప్పించి చూశాను. నువ్వు చూపించిన చోటే వైరు నలిగి తెగిపోయింది.

ఆవిడకి నిజం చెప్పాలి బావా. రెండుసార్లు ఆవిడ ఇంటిదాకా వెళ్ళి, తలుపు కొట్టకుండా వచ్చేశాను. తొట్టి ఎక్కించడానికి మనుషులు దొరుకుతారు. ఆ తలుపు కొట్టడానికి మాత్రం నువ్వు పక్కన ఉండాలి. నన్ను తిట్టాలనుంటే దారిలో తిట్టు, కానీ రా.

నీ బావమరిది