సర్వేలో రాయించని పని

మంగళవారం

కొత్త హార్బరు కడితే మేం చేపలు ఎండబెట్టే ఇసుక దిబ్బ పోతుందట. పని పోయేవాళ్లకు ఏమివ్వాలో తేల్చడానికి ప్రభుత్వం సర్వే చేయిస్తోంది. ఈరోజు ట్యాబ్ పట్టుకుని ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది.

"నువ్వేం పని చేస్తావమ్మా?" అని అడిగింది.

కిడ్నీ జబ్బు వచ్చాక మా ఆయన వేటకు వెళ్లడం లేదు. నేను ఎండుచేపలు టెక్కలి తీసుకెళ్లి అమ్మితేనే పొయ్యి వెలుగుతోంది. ఆయన మంచం మీద కూర్చుని నన్నే చూస్తున్నారు.

"ఏటీ సెయ్యను. ఇంటికాడే ఉంటాను. ఆయన ఏటకెల్తారు" అన్నాను.

ఆ అమ్మాయి అలాగే రాసుకుని వెళ్లిపోయింది. గుమ్మంలో నిలబడి విన్న పక్కింటి వదిన ఊరుకోలేదు. "ఏ పనీ సెయ్యనిదానివి, మరి సేతుల్నిండా ఆ ఉప్పు పుళ్లేటే? మేమంతా పేర్లు రాయించుకున్నాం" అంది.

అన్నం తిన్నాక ఆయన గోడవైపు తిరిగి పడుకుని, "రేపెల్లి మార్పించీ" అన్నారు.

మార్పించాలంటే ముందు అలా ఎందుకు రాయించావని అడుగుతారు; ఆయన ఇక వేటకు వెళ్లలేరని నలుగురిలో నా నోటితో చెప్పాలి. చెప్పకపోతే, దిబ్బ పోయిన రోజున మా ఇంట్లో పని పోయినవాళ్లెవరూ లేనట్టే.